సమాధానం: ఒరిగామి జెల్‌లో బ్యాండ్ రావట్లేదు అన్నదానికి

తమ్ముడూ, మడత పెట్టిన డీఎన్ఏ త్రికోణాలు (అదే డీఎన్ఏ ఒరిగామి) కరెంటుతో డీఎన్ఏని వేరుచేసే జెల్‌లో ఒక్క బ్యాండ్‌గా నిలవకుండా గీతలా సాగిపోతున్నాయి, ఏఎఫ్ఎంలో (సన్నటి సూదితో తడిమి బొమ్మ గీసే మైక్రోస్కోపు) ముక్కలే కనబడుతున్నాయి అన్నావు కదా, డిజైన్‌ని అనుమానించకు, అది 2006లో పాల్ రోతెముండ్ అనే శాస్త్రవేత్త చూపించిన త్రికోణమే. ఇబ్బంది మెగ్నీషియం దగ్గర. డీఎన్ఏ పోగులన్నీ నెగటివ్ చార్జివే కాబట్టి పక్కపక్కన సర్దుకుని ఉండాలంటే మధ్యలో పాజిటివ్ చార్జి ఉన్న మెగ్నీషియం ఉండాల్సిందే. నువ్వు మడతకి 12.5 మిల్లీమోలార్ వేశావు, బానే ఉంది, కానీ జెల్‌కీ రన్నింగ్ బఫర్‌కీ (ట్యాంకులో పోసే ద్రావణం) మెగ్నీషియం లేని ఉత్త టీఏఈ బఫర్ వాడేశావు, అందులోని ఈడీటీఏ అనే రసాయనం ఉన్న మెగ్నీషియాన్ని కూడా పట్టేసుకుంటుంది, ఇక విడిపోక ఏం చేస్తాయి పాపం. రెండిట్లోనూ 11 మిల్లీమోలార్ మెగ్నీషియం కలుపు. అప్పుడు కరెంటు ఎక్కువ లాగి జెల్ వేడెక్కుద్ది, మన బెంగళూరు ఏప్రిల్‌లో మరీను, ట్యాంకుని ఐస్‌లో పెట్టి 70 వోల్టుల దగ్గర నిదానంగా నడుపు. పక్క లేన్‌లో ఉత్త ఎం13 స్కాఫోల్డ్ (మడత పెట్టకముందున్న పొడవాటి వైరస్ డీఎన్ఏ పోగు), అదే 7249 బేసులది, తప్పకుండా వెయ్యి, లేకపోతే దేంతో పోల్చుకుంటావు?

ఏఎఫ్ఎంకి ముందు మిగిలిన స్టేపుల్స్‌ని (మడతల్ని పట్టి ఉంచే పొట్టి డీఎన్ఏ పోగులు) 100 కిలోడాల్టన్ ఫిల్టర్‌లో మూడు సార్లు కడిగెయ్యి, అదీ మెగ్నీషియం ఉన్న బఫర్‌తోనే. జెల్ ఫొటో పెట్టు, చూస్తాను.