నీలి చిప్పలా, పచ్చ చిప్పలా?

సందేహం: కార్డిఫ్‌లో చదువుకుంటున్నాను. ఇక్కడి చేపల దుకాణంలో మజిల్స్ బుట్ట మీద వేల్స్ భాషలో ‘క్రెగిన్ గ్లెయ్‌షొన్’ అని రాసి ఉంది. ‘నీలి గుల్లలు’ అని అర్థమట. తెలుగులో కూడా అలాగే అనవచ్చా?
– ఒక పాఠకురాలు

సమాధానం: ముందు ఆ ‘మజిల్స్’ మానెయ్యమ్మా. తెలుగులో రాస్తే కండలకూ అదే మాట, చిప్పలకూ అదే మాట. మెనూలో ‘మజిల్స్ ఫ్రై’ అని చూసినప్పుడల్లా ఎవరి కండలో అని నాకు టెన్షన్. ఆలిచిప్ప అనే మాట మనకు లేకపోతే కదా!

‘క్రెగిన్’ అంటే గుల్లలు, ఒక్కటైతే ‘క్రాగెన్’. అసలు రుచి రెండో మాటలో ఉంది. ‘గ్లెయ్‌షొన్’కు ఏకవచనం ‘గ్లాస్’. ఇవాళ దానికి నీలం అనే అర్థం. కానీ వాళ్ల గడ్డి పేరు ‘గ్లస్‌వెల్ట్’ చూడు, అందులోనూ ఈ గ్లాసే. అంటే ఒకప్పుడు ఆకుపచ్చ కూడా గ్లాసే అన్నమాట. ఆకుపచ్చకు వాడే ‘గ్విర్ద్’ లాటిన్ నుంచి తెచ్చుకున్నది. మీ యూనివర్సిటీలో కొత్తగా చేరినవాళ్ల వారాన్ని ‘ఉయ్‌థ్‌నొస్ అ గ్లాస్’ అంటారు. అక్కడ నీలమూ లేదు, గడ్డీ లేదు. గ్లాస్ అంటే ఇంకా పచ్చివాళ్లు, లేతవాళ్లు.

ఇదంతా వింటే మన ‘పచ్చ’ గుర్తుకు రావడం లేదూ? పసుపు, పసిడి, పసరు, పచ్చిక, పచ్చి, అన్నీ ఒక్క తల్లి పిల్లలే. పచ్చచీర తెమ్మంటే పసుపుదా, ఆకుపచ్చదా అని కొట్టువాడు ఇప్పటికీ తిరిగి అడుగుతాడు. పచ్చిమిరపకాయలో ‘పచ్చి’ రంగా, పండకపోవడమా? రెండూ. ఇంత మాటను అటకెక్కించి ‘గ్రీన్ కలర్ చీర’ అంటున్నారు. గ్రీన్ అన్నాక మళ్లీ కలర్ ఎందుకో!

వేల్స్ భాషలో మిగతా చిప్పల పేర్లు క్లుప్తంగా. ‘కొకొస్’ అనే చిన్న చిప్పల పేరు గుంపుకు చెందినది, ఒక్కదాన్ని ‘కొక్సెన్’ అనాలి. మన వడ్లు, వడ్లగింజ లాగా. వేల్స్ తీరంలోని పెన్‌క్లౌద్ ఊరి ఆడవాళ్లు గాడిదలతో ఇసుకమేటల మీదికి వెళ్లి ఏరుకొచ్చేవారు వీటిని. రాతిని కరుచుకుని ఉండే మరో జీవి పేరుకు ‘పొట్టేలి కన్ను’ అని అర్థం.

ఇక నీ సందేహం. రెండు రేకులుగా విచ్చుకునేదాన్ని గుల్ల కన్నా చిప్ప అనడమే నయం. గ్లాస్‌కు దగ్గరి చుట్టం పచ్చే అయినా, ‘పచ్చ ఆలిచిప్ప’ అంటే మన తీరంలో దొరికే ఆకుపచ్చ అంచు రకం అనుకుంటారు. నల్లటి జడ నీలవేణి అయినప్పుడు ఆ నలుపు తిరిగిన చిప్పను నీలి అనడానికి అడ్డేమీ కనిపించదు. ‘నీలి ఆలిచిప్ప’ అనుకో. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం ఉత్త ఆలిచిప్ప చాలు, రంగు ఎవరూ అడగరు.