చవక సాఫ్ట్‌వేర్ అడగని ప్రశ్నలు

సంక్రాంతికి నెల్లూరు వచ్చిన ప్రతిసారీ మా ఇంటికి చుట్టాలతో పాటు సందేహాలు కూడా వస్తాయి. డల్లాస్‌లో ఇరవై ఏళ్లుగా పన్ను రిటర్నులు తయారు చేస్తున్నానని అందరికీ తెలుసు. కనుమ నాడు భోజనాలు ముగిసేసరికి ఎవరో ఒకరు ఫోనులో డబ్ల్యూ-2 (ఏడాది జీతం, అందులో కోసిన పన్ను చూపే అమెరికా కాగితం) ఫొటో చూపించడం మామూలే. ఈసారి వచ్చిన సందేహం పన్ను కట్టేవాళ్లది కాదు, రిటర్ను వేసిపెట్టేవాళ్లది.

కావలి నుంచి మేనకోడలి వరస అమ్మాయి వచ్చింది. బీకాం చదివి, సీఏ ఇంటర్ దాకా వెళ్లి ఆపేసింది. భర్త అమెరికా పౌరుడు కావడంతో గ్రీన్‌కార్డు మీదే వెళ్లింది, మూడేళ్లయింది. అక్కడ పన్ను రిటర్నులు వేసే ఒక ఆఫీసులో రెండు సీజన్లు పనిచేసి, ఈ ఏడాది ఇంట్లోనే సొంతంగా మొదలుపెడుతోంది. నలభై మంది దాకా మాట ఇచ్చారట.

"మామయ్యా, పేరున్న సాఫ్ట్‌వేర్ కొంటే సంపాదనలో సగం దానికే పోయేట్టుంది. ఆన్‌లైన్‌లో నడిచేది ఒకటి నాలుగో వంతు ధరకే ఇస్తున్నారు. ఎన్ని రిటర్నులైనా వేసుకోవచ్చట. తీసుకోమంటారా?"

వాళ్ల నాన్నకు అల్లూరు దగ్గర రొయ్యల చెరువులున్నాయి. "మీ నాన్న చవకగా వస్తోందని ల్యాబ్ రిపోర్టు చూడకుండా సీడ్ తెస్తాడా?" అని అడిగాను. తేడు. అలాగని ఖరీదైన సీడే తెస్తాడా అంటే అదీ లేదు. రిపోర్టు బాగుంటే చవకదే తెచ్చి వేస్తాడు. నేను చెప్పబోయేదీ అంతే కనుక, ఆ అమ్మాయికి సగం విషయం అక్కడే అర్థమైంది.

ముందుగా అనుమతుల సంగతి. డబ్బు తీసుకుని రిటర్ను తయారు చేసేవారికి అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్ ఇచ్చే పీటిన్ అనే నంబరు ఉండాలి, ఏటా పునరుద్ధరించుకోవాలి. రుసుము 20 డాలర్ల లోపే. ఈ-ఫైల్ చేయడానికి, అంటే రిటర్నులు ఆన్‌లైన్‌లో పంపడానికి, ఈఫిన్ అనే మరో నంబరు కావాలి. అది ఉచితమే కానీ పరిశీలన, వేలిముద్రలు ఉంటాయి, 45 రోజుల దాకా పట్టవచ్చు. దానికి పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ ఉండాలి. ఈ అమ్మాయి అక్టోబరులోనే రెండూ తెచ్చుకుంది, తెలివైనది. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద, ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చిన పిల్లలు మాత్రం స్నేహితుల రిటర్నులు వేసి తలా ఇరవై డాలర్లు పుచ్చుకునే పనికి దిగవద్దు. పన్ను సంగతి తర్వాత, ముందు వీసాకే చేటు.

మామూలు జనం సొంతానికి వాడుకునే సాఫ్ట్‌వేర్‌తో పదిమందికి ఫీజు తీసుకుని వేయడం మరో దొంగదారి. వాటిలో ఒక మనిషి ఐదు రిటర్నులకు మించి ఈ-ఫైల్ చేయకూడదు. తయారు చేసినవారి సంతకం, పీటిన్ లేకుండా, కట్టేవాడే వేసుకున్నట్టు పంపేవారిని ఐఆర్‌ఎస్ దయ్యాలంటుంది. అలాంటివారి దగ్గరికి వెళ్లి మోసపోయిన మన పిల్లలు చాలామందే ఉన్నారు.

ఇక అసలు విషయం. జీతం ఒక్కటే ఉన్న మనిషికి, ఒకే డబ్ల్యూ-2, బ్యాంకు వడ్డీ నలభై డాలర్లు అయితే, చవకదీ ఖరీదైనదీ ఒకే అంకె చూపిస్తాయి. మన నెల్లూరు వాళ్ల కాగితాలు అంత సాదాగా ఉండవు. ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ (విదేశీ సంపాదనను ఇండియా బ్యాంకులో వేసుకునేది) ఉంటుంది. దాని వడ్డీకి ఇండియాలో పన్ను లేదు కదా అని చెప్పడం మానేస్తారు, అమెరికాలో దానికి పన్ను ఉంది. అమెరికా బ్యాంకుల వడ్డీ 1,500 డాలర్లు దాటకపోతే చాలా సాఫ్ట్‌వేర్‌లు షెడ్యూల్ బీ అనే వడ్డీ వివరాల కాగితం తెరవనే తెరవవు. విదేశీ ఖాతా ఉందా అన్న ప్రశ్న ఉండేది ఆ కాగితం అడుగునే. అడగకపోతే చెప్పేవాడు లేడు. ఏడాదిలో ఏ ఒక్క రోజైనా ఇండియా ఖాతాలన్నీ కలిపి 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల నివేదిక వేయాలి. దానికి వేరే సైటు ఉంది, రిటర్నుతో వెళ్లదు. ఇండియా మ్యూచువల్ ఫండ్లుంటే వాటికి ఫారం 8621. ఆ ఫారమే లేని చవక సాఫ్ట్‌వేర్‌లు నేను చూశాను.

విద్యార్థుల సంగతి ఇంకొకటి. 2022 ఆగస్టులో ఎఫ్-1 మీద దిగిన పిల్లవాడికి ఆ ఏడాదిని కూడా లెక్కలో వేసుకుని ఐదు క్యాలెండర్ సంవత్సరాల దాకా, అంటే 2026 వరకు, నాన్‌రెసిడెంటు కింద, వారికి వేరుగా ఉన్న 1040-ఎన్‌ఆర్ ఫారం వేయాలి. భారత్‌తో ఉన్న పన్ను ఒప్పందంలో 21వ అధికరణం వల్ల మన విద్యార్థికి స్టాండర్డ్ డిడక్షన్ దక్కుతుంది. మిగతా దేశాల వాళ్లలో చాలామందికి అది లేదు. 1040-ఎన్‌ఆర్ లేని సాఫ్ట్‌వేర్ ఆ లోటు చెప్పదు. ప్రశ్నలు అడుగుతూ అడుగుతూ చక్కగా రెసిడెంట్లు వేసే 1040 నింపి చేతిలో పెడుతుంది.

నా సొంత అనుభవమూ చెప్పాను. వ్యాపారం మొదలుపెట్టిన కొత్తల్లో నేనూ చవకదే కొన్నాను. ఒకాయనకు మాగుంట లేఅవుట్‌లో ఫ్లాటు ఉంది, 2014 నుంచి అద్దెకిచ్చాడు. అమెరికాలోని అద్దె ఇంటికి తరుగుదల (కట్టడం అరుగుతుందని ఆదాయంలోంచి ఏటా తగ్గించుకునే మొత్తం) 27.5 ఏళ్ల మీద లెక్కిస్తారు. ఇల్లు దేశం బయట ఉంటే, 2018కి ముందు అద్దెకిచ్చినదానికి 40 ఏళ్లు, తర్వాతిదానికి 30. సాఫ్ట్‌వేర్ ఇల్లు ఎక్కడుందని అడగలేదు, 27.5 వేసేసింది. నేనూ చూసుకోలేదు. కట్టడం విలువ 60,000 డాలర్లు అనుకుంటే ఏడాదికి 1,500 రావలసిన చోట 2,182 వచ్చింది. తేడా చిన్నదే. కానీ నేను పట్టుకునేసరికి రెండు రిటర్నులు వెళ్లిపోయాయి. ఒక్క ఏడాదైతే సవరణ రిటర్నుతో పోయేది. రెండేళ్లయితే లెక్కల పద్ధతి మార్చుకుంటున్నానని ఫారం 3115 వేయాలి. ఆ ఫారం ఆ సాఫ్ట్‌వేర్‌లో లేదు. రాత్రంతా కూర్చుని చేత్తో నింపాను, ఆయన దగ్గర పైసా తీసుకోలేదు. తప్పు సాఫ్ట్‌వేర్‌దని చెప్పడానికి నోరు రాలేదు కూడా.

చట్టమూ ఆ మాట వినదు. 2009లో టిమోతీ గైట్నర్‌ను అమెరికా ఆర్థిక మంత్రిగా ప్రతిపాదించినప్పుడు, సాఫ్ట్‌వేర్‌తో వేసుకున్న రిటర్నుల్లో స్వయం ఉపాధి పన్ను వదిలేసిన సంగతి బయటపడింది. బాధ్యత నాదేనని ఆయన సెనేట్ ముందు ఒప్పుకోవలసి వచ్చింది. మనలా డబ్బు తీసుకుని వేసేవారికైతే, ఆధారం లేని లెక్క వేస్తే 1,000 డాలర్లు లేదా ఆ రిటర్ను మీద వచ్చిన సంపాదనలో సగం, ఏది ఎక్కువైతే అది జరిమానా.

ఆన్‌లైన్ కావడం వల్ల వచ్చే చిక్కులు వేరు. గడువుకు ముందు రోజు, ఏప్రిల్ 14 సాయంత్రం, సైటు ముక్కుతూ మూలుగుతూ ఉంటే మనం చేయగలిగింది లేదు. చందా ఆపేస్తే పాత రిటర్నులు తెరుచుకోకపోవచ్చు. ఇంటి లోను కోసం మూడేళ్ల కాపీలు అడిగిన ఖాతాదారు ముందు నేనొకసారి చేతులెత్తేశాను. కాపీలో, కనీసం జాబితాయో మూడేళ్లు దాచడం మన బాధ్యత. కాబట్టి వేసిన రోజే పీడీఎఫ్ దించి పెట్టుకోమన్నాను. రెండంచెల లాగిన్ లేనిదైతే ధర ఎంతైనా ముట్టుకోవద్దు. సమాచారాన్ని ఎలా కాపాడతామో రాతపూర్వకంగా రాసిపెట్టుకోవడం కూడా ఒంటరిగా పనిచేసేవారికీ తప్పనిసరే. ఫీజును రీఫండులోంచి తీసుకునే సౌకర్యం ఉందని సంబరపడవద్దు. మనకిచ్చిన తగ్గింపును వాళ్లు అక్కడ ఖాతాదారు నుంచి రాబట్టుకుంటారు.

"ఇంతకీ తీసుకోనా వద్దా?" అంది.

నా దగ్గర మూడు కల్పిత కేసులున్నాయి, ఏ పేరూ నిజం కాదు. ఒకటి ఎఫ్-1 కుర్రవాడు. రెండోది అక్టోబరులో హెచ్-1బీ మీద దిగి, భార్యతో ఉమ్మడిగా వేయాలనుకునే మనిషి. అతని రిటర్నుకు ఇద్దరూ సంతకం చేసిన ప్రకటన పీడీఎఫ్‌గా జతచేయాలి. మూడోది మాగుంట ఫ్లాటు. కొనేముందు వాడి చూడటానికి ఇచ్చే ట్రయల్‌లో మూడూ వేసి చూడమన్నాను. మూడూ సరిగా వస్తే చవకదే కొనుక్కో, లేదంటే పేరున్నవాటిలో రిటర్నుకు ఇంత అని కట్టే పద్ధతి చూసుకో అన్నాను.

అంతలో పక్కనే వింటున్న వాళ్ల తమ్ముడు అందుకున్నాడు. నెల్లూరులోనే ఒక ఆడిటర్ దగ్గర పనిచేస్తున్నాడు. "ఆన్‌లైనే కదా మామయ్యా, అక్క పాస్‌వర్డ్ ఇస్తే రాత్రిపూట నేను టైపు చేసిపెడతాను." పాస్‌వర్డ్ ఇవ్వడమంటే ఖాతాదారు కాగితాలను దేశం దాటించడమే. ముందుగా వారి లిఖిత అనుమతి ఉండాలి, సోషల్ సెక్యూరిటీ నంబరు కనబడకుండా చేయాలి. తెలిసి మీరితే అది నేరం, ఏడాది దాకా జైలు. కుర్రవాడి ముఖం చిన్నబోయింది. మా ఆవిడ మలై కాజా పెట్టి మాట మార్చింది.

రెండు రోజుల తర్వాత కావలి నుంచి ఫోను. "మామయ్యా, ట్రయల్ తెరుచుకోవడం లేదు. అమెరికా బయటి నుంచి లాగిన్ కుదరదని చూపిస్తోంది." ఆ సాఫ్ట్‌వేర్ మీద నాకు మొదటిసారి కాస్త గౌరవం కలిగింది. సీజన్ తెరిచేది జనవరి చివర్లోనే, తనకు ఇరవయ్యో తేదీ విమానం ఉంది. దిగిన రోజే మూడూ వేసి చూడమన్నాను.