కొరికే, మీదికి ఎగబడే గైడ్ డాగ్ పిల్ల విషయమై

అయ్యా, నాలుగు నెలల లాబ్రడార్ పిల్ల చెప్పులు కొరుకుతోందనీ, వచ్చినవారి మీదికి ఎగబడుతోందనీ, ఇది రేపు చూపులేనివారికి దారి చూపగలదా అనీ మీరు దిగులుపడుతున్నారు. ఈ వయసులో పాలపళ్లు ఊడి కొత్తవి వస్తుంటాయి కనుక చిగుళ్ల సలపరానికి కొరకడం సహజమే. సుమారు 6, 7 నెలలకు ఆ బాధ తీరుతుంది. అంతవరకు చెప్పులను అందని ఎత్తున ఉంచి, తడిపి ఫ్రిజ్‌లో చల్లబరిచిన గుడ్డను మీ కళ్లముందే నమలనివ్వండి. కొట్టడం మాత్రం వద్దు, ఎందుకంటే చేతికి జడిసే కుక్క మనిషిని నమ్మకంగా నడిపించలేదు. ఎగబడినప్పుడు ఇంటివారూ అతిథులూ మాట్లాడకుండా పక్కకు తిరిగి, నాలుగు కాళ్లూ నేలకు ఆనిన క్షణంలోనే మెచ్చుకోవాలి.

నాకు ఎక్కువ ఆందోళన కలిగించినది మీరు చివర్లో ఒక్క ముక్కలో చెప్పిన సంగతి, అంటే అది కింద పడినదల్లా తినడం. గైడ్ డాగ్‌కు ఇది పెద్ద లోపం. పైగా మన తిరుపతి ఇళ్లలో తరచూ ఉండే లడ్డూ ప్రసాదంలోని ఎండుద్రాక్ష కుక్కల మూత్రపిండాలను దెబ్బతీయగలదు. అందుచేత తిండి ఎప్పుడూ దాని గిన్నెలోనే పెట్టండి. "వదులు" అన్న మాటకు వదిలితే వెంటనే కుక్క బిస్కెట్టు ముక్క ఒకటి చేతితో ఇవ్వండి. టీకాలు పూర్తయ్యాక గాంధీ రోడ్డు రద్దీకి కొద్దికొద్దిగా అలవాటు చేయండి, అదీ ఎండ ఎక్కకముందే. వేసవి మధ్యాహ్నం తారు రోడ్డు దాని పాదాలను కాలుస్తుంది.