కెండో కోసం పిల్లాణ్ని జపాన్ తీసుకెళ్లొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయికి పదకొండేళ్లు. కొంతకాలంగా కెండో, అదే జపాన్ వాళ్ల వెదురు కత్తి సాము, నేర్చుకుంటున్నాడు, ఈమధ్యే బోగు (ముసుగు, కవచం లాంటి రక్షణ తొడుగులు) వేసుకోవడం మొదలుపెట్టాడు. ఏప్రిల్ ఆఖర్లో వాణ్ని తీసుకుని మూడు వారాలు జపాన్ వెళ్లి, అక్కడి డోజోలో (సాధన మందిరంలో) సాధన చేయించాలని నా ఆలోచన. వాడికేమో నిజం కత్తి పట్టుకోవాలని ఒకటే ఆశ. నాకు కెండో రాదు, ఇద్దరికీ జపనీస్ రాదు. ఇంట్లో వాళ్లు డబ్బు దండగ అంటున్నారు. మీరేమంటారు? - ఒక తండ్రి

జవాబు: బోగు వేసుకునే దశకి వచ్చాడు కాబట్టి వెళ్లండి. ఇంకా మొదలే పెట్టని పిల్లాడైతే మాత్రం వద్దనేదాన్ని. ఎందుకంటే మూడు వారాలూ కాళ్లు నేలకి రాస్తూ జరగడం, గాల్లో షినాయ్ (వెదురు కత్తి) ఊపడం, వీటికే సరిపోతాయి. వాటికోసం అంత దూరం పోనక్కర్లేదు. మీవాడు ఇప్పుడు వరసలో నిలబడి తన వయసు పిల్లలతో తలపడగలడు, రోజూ చూసే ఆ నలుగురైదుగురితో కాకుండా కొత్తవాళ్లతో. వాళ్లలో కొందరు ఐదారేళ్ల వయసు నుంచే ఆడుతున్నవాళ్లు ఉంటారు, మొదటి రోజు దెబ్బలన్నీ మీవాడికే తగులుతాయి, తగలనివ్వండి.

అయితే చెప్పకుండా పోయి డోజో తలుపు తట్టొద్దు. అక్కడ పిల్లల కెండో చాలాచోట్ల సాయంత్రాలు స్కూలు జిమ్‌లోనో, ఊరి క్రీడా మందిరంలోనో, కొన్నిచోట్ల పోలీస్ స్టేషన్‌లో ఉండే డోజోలోనో నడుస్తుంది. నేర్పేవాళ్లలో చాలామంది పగలు ఉద్యోగం చేసుకుని వచ్చి ఊరికే నేర్పే పెద్దలు. ఫీజు కట్టేస్తే చేర్చుకునే కోచింగ్ సెంటర్ లాంటిది కాదు. మీవాడి గురువుగారి చేత ముందే ఉత్తరం రాయించండి: వయసు, ఎన్నాళ్లుగా సాధన, బోగు ఉందా, ఏ తేదీల్లో వస్తారు, వెంట ఎవరుంటారు. ఆయన మాట మీదే మీకు తలుపు తెరుచుకుంటుంది. ఇంకోటి, మూడు వారాల్లో ఐదు ఊళ్లు, ఐదు డోజోలు అని ప్లాన్ వేయకండి. ఒకే ఊరు, ఒకే డోజో చాలు. పేరు గుర్తుపెట్టుకుని పిలిచేవాళ్లు నలుగురు దొరికితేనే పిల్లాడికి బెరుకు పోతుంది.

కత్తి సంగతి ఇక్కడే తేల్చి చెప్పండి, అక్కడికెళ్లాక ఏడవకుండా. కెండోలో పిల్లలు పట్టేది నాలుగు వెదురు బద్దలు కలిపి కట్టిన షినాయ్, కతా (ముందే నిర్ణయించిన క్రమంలో ఇద్దరు చేసే సాధన) చేసేటప్పుడు చెక్క కత్తి, అంతే. కత్తి ఒరలోంచి తీసే విద్య ఇయాయిదో వేరే. అందులోనూ మొదట్లో ఇచ్చేది పదును పెట్టడానికి వీల్లేని మిశ్రమ లోహపు కత్తి. నిజం కత్తి మీద జపాన్‌లో 1958 నాటి చట్టం ఉంది, ప్రతి కత్తికీ రిజిస్ట్రేషన్ పత్రం ఉండాలి, దేశం దాటించాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. కాబట్టి కొని తెచ్చేద్దాం అనే ఆలోచన ఉంటే మానుకోండి. కావాలంటే మ్యూజియంలో అద్దం వెనక తనివితీరా చూపించండి.

కెండో రాకపోయినా మీరు నేర్చుకోవాల్సిన పని ఒకటుంది, షినాయ్ చూడటం. ప్రతి సాధనకి ముందు పాత బనీను గుడ్డతో ఒక్కో బద్దని కొస నుంచి పిడి దాకా నెమ్మదిగా తుడవండి. ఎక్కడైనా దారప్పోగు పట్టుకుందంటే అక్కడ వెదురు లేచిందన్నమాట. చిన్న పుల్ల లేస్తే గీకి నున్నగా చేయొచ్చు, బద్ద చీలితే మాత్రం ఆ షినాయ్ పక్కన పెట్టాల్సిందే. చీలిన పుల్ల ఎదుటివాడి ముసుగు ముందున్న లోహపు కడ్డీల సందులోంచి కంట్లోకి దూరే ప్రమాదం ఉంది. అందుకే ఇంకో షినాయ్ కూడా పట్టుకెళ్లండి, విమానంలో అది చేతి సామానులో కుదరదు, లగేజీలో వేయాలి. ఇక ఎడమ పాదం ముందు భాగంలో బొబ్బలు రావడం మామూలే, టేపు మర్చిపోకండి.

మీరు ఏం చేయాలంటారా? గోడ వారగా కూర్చుని నోరు మూసుకోవడమే, కోపం తెచ్చుకోకండి. "కొట్టరా, ముందుకెళ్లరా" అని అరిచే నాన్నలు అక్కడ ఎవరికీ నచ్చరు. పోటీల్లో కూడా చూసేవాళ్ల నుంచి చప్పట్లు తప్ప కేకలు ఉండవు. పాయింటు వచ్చిందని ఆటగాడు పిడికిలి ఊపి సంబరపడితే ఆ పాయింటే రద్దు కావచ్చు. చెప్పులు బయట విడవండి, కాళ్లు చాపి కూర్చోకండి, కింద పెట్టిన షినాయ్‌ని దాటకండి. వీడియో తీయాలంటే ముందు అడగండి. భాష గురించి మీకే టెన్షన్, పిల్లాడికి కాదు. మెన్ (తల), కోతే (మణికట్టు), దో (నడుం పక్క) అన్న మాటలు వాడికి ఇప్పటికే నోటికొచ్చు, మిగతాది పక్కవాణ్ని చూసి చేస్తాడు.

మీరు ఎంచుకున్న రోజుల్లో ఒక చిక్కూ ఉంది, ఒక మంచీ ఉంది. ఏప్రిల్ ఆఖరు నుంచి మే మొదటి వారం దాకా అక్కడ వరస సెలవులు, రైళ్లూ హోటళ్లూ కిటకిట, సాధన కూడా కొన్నిచోట్ల ఉండదు, ముందే అడిగి తేల్చుకోండి. కానీ సరిగ్గా ఆ మే మొదట్లోనే క్యోతోలో 1899లో కట్టిన బుతోకుదెన్ అనే చెక్క మందిరంలో ఏటా పెద్ద గురువుల ప్రదర్శన జరుగుతుంది. తలలు నెరిసిన ఇద్దరు ఎదురెదురుగా నిలబడి చాలాసేపు కదలకుండా చూసుకుని, ఒక్కసారి దూకి కొట్టడం మీవాడు కళ్లారా చూడాలి. ఆ ఒక్కరోజు కోసం నేనైతే ఇంట్లో వాళ్లతో గొడవైనా పడతాను.

ప్రశ్న: మా అమ్మాయికి పన్నెండేళ్లు. కెండో కోసం నాతో జపాన్ వస్తోంది. అక్కడ ఉండగానే బ్లాక్ బెల్ట్ వచ్చేస్తుందా? - ఒక తల్లి

జవాబు: రాదండీ. అసలు కెండోలో బెల్టులే లేవు. మీరనుకునే బ్లాక్ బెల్ట్‌కి సరితూగేది మొదటి దాన్ అనే గ్రేడు. ఆ పరీక్షకి కూర్చోవాలంటే పదమూడేళ్లు నిండాలి, దానికి ముందు కింది గ్రేడైన మొదటి క్యూ చేతిలో ఉండాలి. అన్నిటికంటే పైనున్న ఎనిమిదో దాన్ పరీక్షకైతే 46 ఏళ్లు నిండాక గానీ అర్హత రాదు, అందులో నూటికి ఒకరు పాసవడమే గగనం. గొంతు మీద పొడిచే త్సుకి కూడా ఈ వయసు పిల్లలకి నిషేధమే, నేర్పమని అడక్కండి. పరీక్ష సంగతి వచ్చే ఏడాది మీ గురువుగారినే అడగండి.