తాతగారి నాణేలకు చింతపండు పెట్టకండి

తమ్ముడూ, తాతగారి డబ్బాలో దొరికిన నిజాం నాణేలను ప్లాస్టిక్ ఆల్బంలో పెడితే ఏడాదికే రాగి వాటికి ఆకుపచ్చ జిగురు పట్టిందని, చింతపండుతో తోమాలా అని అడిగావు. దయచేసి తోమకు. తప్పు నాణెంది కాదు, ఆల్బందే. మెత్తటి పీవీసీ కవర్లు కాలం గడిచేకొద్దీ ఆమ్లం వదులుతాయి, అది రాగిని తింటుంది.

ముందు అన్నీ బయటికి తీసెయ్. స్వచ్ఛమైన అసిటోన్‌ను (గోళ్ల రంగు తుడిచేది కాదు) గాజు గిన్నెలో పోసి పది నిమిషాలు నానబెట్టు. రుద్దకుండా తీసి ఆరనివ్వు. కిటికీలు తెరిచిపెట్టు, దగ్గర్లో పొయ్యి వెలగకూడదు. జిగురు పోతుంది, కింద పచ్చగా తినేసిన మచ్చ ఉంటే అది మిగులుతుంది. తర్వాత అట్ట హోల్డర్లలో దాచు.

రాగి నాణెం మీది గోధుమరంగు మాత్రం మురికి కాదు, ఎన్నో ఏళ్లకు ఏర్పడిన పొర. నేను మొదట్లో ఒక కాణీని చింతపండుతో తళతళలాడించాను. రంగూ పోయింది, విలువా పోయింది. ఇప్పటికీ బాధే.

చార్మినార్ బొమ్మ ఉన్న వెండి రూపాయి ఉంటే ఆ బొమ్మ గుమ్మంలోకి భూతద్దంతో చూడు. చిన్న ఉర్దూ అక్షరం కనిపిస్తుంది: 'మీమ్' అయితే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంది, 'ఐన్' అయితే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలంది. నాకు మొదటిసారి కనిపించిన రోజు నిద్రపట్టలేదు!