మోటార్‌హోమ్‌కు మనమే అమర్చుకోగల దొంగల అలారం

హోటళ్ల మీద ఆధారపడకుండా, మన వంట మనం వండుకుంటూ, ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లను కూడా సుఖంగా తిప్పవచ్చునన్న ఉద్దేశంతో అమెరికాకు కొత్తగా వచ్చిన కొన్ని తెలుగు కుటుంబాలు పాత మోటార్‌హోమ్‌లు (వంటగది, పడకలు ఉన్న ఇల్లులాంటి బండ్లు) కొనుక్కుంటున్నాయి. ఎల్లోస్టోన్‌లోనో గ్రాండ్ కాన్యన్‌లోనో బండి నిలిపి రోజంతా నడకకు వెళ్లినప్పుడు దానికి కాపలా ఏమిటని అడిగేవారికి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఇది సొంత బండి ఉన్నవారికి మాత్రమే. అద్దె బండికి రంధ్రాలు వేయడం గాని, దాని తీగలను కదిలించడం గాని చేయకండి.

అలారం కంటే ముందు తాళాలు చూసుకోవాలి. ఇక్కడ ఎన్నో కంపెనీల బండ్లలో పక్క సామాను అరలకు సీహెచ్ 751 అనే ఒకే రకం తాళంచెవి సరిపోతుంది. ఆ చెవి ఎవరైనా కొనుక్కోవచ్చు కాబట్టి, వేర్వేరు చెవులుండే తాళాలను ముందుగా బిగించుకోండి.

ఇక అలారం. ప్రతి తలుపు చట్రానికి ఒక రీడ్ స్విచ్చి (అయస్కాంతం దగ్గరుంటే కలిసి, దూరమైతే తెగే చిన్న స్విచ్చి), తలుపుకు దాని అయస్కాంతం బిగించి, ఆ స్విచ్చులన్నింటినీ ఒకే తీగపై వరుసగా కలపాలి. తలుపులు మూసి ఉన్నంతసేపు ఆ వలయం పూర్తిగా ఉంటుంది. ఏ తలుపు తెరిచినా, దొంగ తీగనే కత్తిరించినా వలయం తెగి అలారం మోగుతుంది. తలుపు తెరిస్తే కలిసే స్విచ్చులు వాడితే తీగ కత్తిరించినప్పుడు ఏమీ జరగదు, అందుకే నేను ఈ పద్ధతినే గట్టిగా సూచిస్తాను. వలయం తెగినప్పుడు పనిచేయడానికి 12 వోల్టుల టైమర్ రిలే (కరెంటుతో పనిచేసే, సమయం పెట్టుకోగల స్విచ్చి) ఒకటి కావాలి. ఒకసారి మొదలైతే, దొంగ తలుపు మళ్లీ మూసినా నిర్ణీత సమయం వరకు సైరన్ మోగించి తనంతట తానే ఆగిపోయే రకాన్ని ఎంచుకోండి.

విద్యుత్తు లెక్క జాగ్రత్తగా వేసుకోవాలి. మామూలు కారు రిలేను ఎప్పుడూ ఆన్‌లో ఉంచి, వలయం తెగితే వదిలేలా అమర్చితే, అది సుమారు 0.15 ఆంపియర్లు, అంటే రోజుకు 3.6 ఆంపియర్ అవర్లు తాగుతుంది. 100 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయకూడదు కాబట్టి, ఛార్జింగు లేకుండా నిలిపి ఉంచిన బండిలో రెండు వారాలకే అది ఆ హద్దుకు చేరుతుంది. కాపలా సమయంలో 10 మిల్లీ ఆంపియర్లకు లోపే తీసుకునే టైమర్ అయితే రోజుకు పావు ఆంపియర్ అవర్ కూడా ఖర్చు కాదు. తీగను బ్యాటరీ పాజిటివ్ నుంచి, బ్యాటరీని వేరుచేసే స్విచ్చికి ముందే తీసుకుని, బ్యాటరీకి దగ్గరలోనే 3 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. తీగను ఆ స్విచ్చి తర్వాత తీసుకుంటే, బండి నిలిపి దాన్ని ఆపిన క్షణంలోనే అలారం కూడా నిద్రపోతుంది. టైమర్, రిలేలను బ్యాటరీ అరలో పెట్టవద్దు, అక్కడ హైడ్రోజన్ వాయువు చేరుతుంది. గ్యాస్, కార్బన్ మోనాక్సైడ్ అలారాల తీగలను మాత్రం ముట్టుకోకండి. అవి ప్రాణాలకు కాపలా.

కదలికను కనిపెట్టే సెన్సర్లు బండిలో అంతగా పనికిరావు. ఎండకు వేడెక్కిన గాలి, పైకప్పు ఫ్యానుకు కదిలే తెరలు వాటిని మోసగిస్తాయి. సైరన్ మూడు నిమిషాలకు మించి మోగకుండా పెట్టుకోండి: న్యూయార్క్ నగరంలో వాహనాల అలారం మూడు నిమిషాల్లో ఆగిపోవాలని నిబంధన ఉంది, జాతీయ పార్కుల క్యాంపుల్లో రాత్రి నిశ్శబ్ద వేళలుంటాయి. తలుపు పిడికి కరెంటు పెడదామని కొందరు సలహా ఇస్తారు, దానిని ఎట్టి పరిస్థితుల్లోనూ వినకండి. ఇలాంటి ఉచ్చుగానే పాడుబడిన ఇంటి తలుపుకు తుపాకీ అమర్చిన యజమాని, అందువల్ల గాయపడిన దొంగకు నష్టపరిహారం చెల్లించాల్సిందేనని అయోవా రాష్ట్ర సుప్రీంకోర్టు 1971లోనే తీర్పు ఇచ్చింది.

అన్నీ బిగించాక ఒకసారి గతుకుల దారిలో నడిపి వచ్చి, ప్రతి తలుపునూ తెరిచి పరీక్షించండి. కుదుపులకు చట్రం కదిలి, అయస్కాంతం స్విచ్చికి దూరం కావచ్చు. పాస్‌పోర్టులు, ఐ-94 పత్రాలు (అమెరికాలోకి వచ్చినట్టు చూపే నమోదు పత్రాలు) మాత్రం బండిలో వదలకండి. 18 ఏళ్లు నిండిన వలసదారులు తమ నమోదు పత్రాన్ని ఎప్పుడూ వెంట ఉంచుకోవాలని ఇక్కడి చట్టం చెబుతోంది, కాబట్టి నడకకు వెళ్లేటప్పుడు కూడా అవి మీ ఒంటిమీద సంచిలోనే ఉండాలి.