పాత పెట్రోల్ బంకు స్థలంలో పైపులు ఎప్పుడు వేయాలి?

ప్రశ్న: ఒకప్పుడు పెట్రోల్ బంకు ఉన్న స్థలంలో ఇళ్లు కట్టబోతున్నాం. మట్టి శుభ్రం చేయించాక పైపుల సంగతి చూసుకోవచ్చా?

జవాబు: అక్కడే చాలామంది దెబ్బతింటారు. మట్టి పరీక్ష రిపోర్టునీ పైపుల ప్లానునీ ముందే ఒకే బల్ల మీద పరవండి. ఎందుకంటే పెట్రోల్‌లో ఉండే బెంజీన్ లాంటి విష రసాయనాలు మామూలు పాలిథిలిన్ పైపు గోడలోంచి, ఎక్కడా పగులు లేకపోయినా, మెల్లగా మంచినీళ్లలోకి దిగిపోతాయి. అలాంటి చోట అల్యూమినియం పొర ఉన్న బ్యారియర్ పైపు వాడతారు. కందకం వెడల్పుగా తవ్వి శుభ్రమైన మట్టి నింపితే, రేపు లీకు సరిచేయడానికి దిగినవాడు విషపు మట్టిలో చేతులు పెట్టక్కర్లేదు. అయితే పైపు చుట్టూ పోసిన వదులు ఇసుక వెంబడే ఆ రసాయనాల ఆవిర్లు ఇంటి కిందికి పాకగలవు, గోడ దగ్గర బంకమట్టితో అడ్డుకట్ట వేయించండి. ఇంకుడు గుంతలా? కాలుష్యం మిగిలిన చోట వద్దు, వాననీరు దాన్ని భూగర్భ జలాల్లోకి తోసేస్తుంది.